యాదన్న గుట్కా

నాలుగు గంటలలోపు చెయ్యాల్సిన పనులు చంద్రిక బస్సు టికెట్టు వెనకాల రాసుకుంది.

క్రేను రాకముందే ట్రైలరును చూడాలి.
వాయిస్ మెసేజ్ మళ్లీ ఒకసారి, చెవికి ఆనించుకుని వినాలి.
ఫంక్షన్ హాలు మేనేజరును అడగాలి: చదును జాగా ఉండగా గుర్రం బండిని డౌన్లో ఎందుకు పెట్టించాడు?
మొయిన్ జడ్జి ముందు నోరు తెరవకముందే సంగారెడ్డి కోర్టుకు చేరాలి.
బాపుకు బీపీ గోలీలు.

బీరంగూడ దాటాక, గుట్ట వాలులో కట్టిన ఫంక్షన్ హాలు గేటు ముందు ఆటో దిగేటప్పటికి రెండూ నలభై. ఆమెతోపాటు ఆలంబీ దిగింది. పెళ్లి బారాతులకు గుర్రాలు పంపే అబ్దుల్ వహాబ్ భార్య. పొద్దున ఏడింటికే చంద్రిక ఇంటి తలుపు కొట్టి, గడపలోనే కూలబడిన మనిషి.

"నా కొడుకు గుట్కా తింటడు మేడం. కాదనను. గని మనుషుల్ని తినడు," అన్నది అప్పుడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పడానికి ఆమెకు అరగంట పట్టింది.

చంద్రిక పదేళ్లు ఇన్సూరెన్సు కంపెనీ కోసం గుద్దుకున్న బండ్లను చూసి రిపోర్టులు రాసింది. మూడేళ్ల కిందట సంగారెడ్డిలో ఒక గది తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టింది. ఇంతవరకూ వచ్చినవన్నీ పెళ్లి సంబంధాల వాకబులే. ఒక మనిషి బతుకును తెచ్చి చేతిలో పెట్టినవాళ్లు ఎవరూ లేరు.

జరిగింది ఇది. నిన్న ఈ హాల్లో పగటి పెళ్లి. బారాతుకు వహాబ్ గుర్రం నూరీ వచ్చింది. భోజనాలయ్యాక నూరీని మళ్లీ ట్రైలరులోకి ఎక్కించారు. ట్రైలరు వాలు మీద, మూతి కిందికి పెట్టి ఉంది. దానికి దిగువన జీపు. జీపులో వహాబ్ కొడుకు, ఇరవై ఆరేళ్ల మొయిన్. ట్రైలరు మూతిని జీపు వెనకున్న ఇనుప గుండుకు తగిలించడానికి రెంటి నడుమ కూర్చున్నవాడు యాదన్న, ముప్పై ఏళ్లు లారీ నడిపి, పదేళ్లుగా వహాబ్ దగ్గర బండి తోలుతున్న పెద్దమనిషి. మూడూ నలభై రెండుకు రెండు బండ్లూ దగ్గరికొచ్చాయి. నడుమ యాదన్న ఉన్నాడు.

పోలీసులు రాసిన మాట: కోపంతో మొయిన్ జీపును వెనక్కి గుద్దించాడు.

మొయిన్ కాదనలేదు. కొట్లాట జరిగిందా అంటే జరిగిందన్నాడు. నీ చేతిలోనే చచ్చిపోయాడంటే తల దించుకున్నాడు. వహాబ్ రాత్రంతా స్టేషన్ బయట కూర్చుని, పొద్దున కొడుకుతో ఒకే మాట చెప్పాడట: "జడ్జి ముందర సచ్ బోల్, నిజం చెప్పు. ఒప్పుకో."

"కొడుకే చేసిండని ఆయనే నమ్ముతుండు మేడం," అన్నది ఆలంబీ. "కోర్టుకే బయల్దేరిండు. నేను ఆయనతోని పోలే. మీ తానికి వచ్చిన."

*

ట్రైలరు చుట్టూ పసుపు తాడు కట్టి ఉంది. తాడుకు ఇవతల కుర్చీలో ఇన్‌స్పెక్టర్ నరసరాజు. మేనేజర్ పంపిన మజ్జిగ తాగుతున్నాడు.

"రండి రండి, ఇన్సూరెన్సు మేడం! గుర్రానికి క్లెయిమ్ కట్టడానికొచ్చారా?"

"క్రేను ఎప్పుడొస్తది సార్?"

"నాలుగింటికి. ఫొటోలు తీశాం, కొలతలు తీశాం. ఇంకేముంది ఇక్కడ?"

"చూస్తే తెలుస్తది."

"చూడండి. తాడు మాత్రం దాటొద్దు." గ్లాసు కింద పెట్టాడు. "మేడం, ఒక మాట చెప్తా. చచ్చిపోతూ చచ్చిపోతూ మనిషి చెప్పిన మాట రికార్డయి ఉంది. తండ్రి తన చేత్తో తెచ్చి నాకిచ్చిన ఫోను. కొడుకు జేబులో గుట్కా పాకెట్లు. గంట ముందు కొట్లాట. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇంత తేలికైన కేసు నాకు దొరకలేదు."

"అందుకే నాకు భయమైతుంది సార్."

నరసరాజు నవ్వాడు. చంద్రికకు నవ్వు రాలేదు.

ఆలంబీ వంటశాల గోడ నీడలో కూర్చుంది. గోడకు పై వాలులో, ట్రాక్టరు విప్పేసిన నీళ్ల ట్యాంకరొకటి గోనెసంచుల నడుమ నిలబడి ఉంది. చంద్రిక ఆమె పక్కన చతికిలబడి, ఆమె ఫోను చెవికి పెట్టుకుంది. పోలీసులకు ఇవ్వకముందే, యాదన్న పంపిన ఆ మెసేజ్‌ని వహాబ్ ఫోనులోంచి ఆలంబీ తన ఫోనుకు పంపుకుంది. పదకొండు సెకన్లు. వెనక పెళ్లి బ్యాండు.

"సేటూ, నూరీని ఎక్కించినం. బండి తగిలిస్తున్న, ఇగ ఎల్తం... ఏయ్... గుట్కా తీసిండే! వద్దన్న గద... మొయిన్‌కు చెప్పు..."

అంతే. మాట్లాడుతున్నంతసేపూ వేలు బటను మీద ఉంటుంది. వేలు లేస్తే మెసేజ్ పోతుంది. వేలు ఎందుకు లేచిందో చంద్రికకు తెలుసు. మెసేజ్‌ని మళ్లీ మొదటినుంచి పెట్టింది.

"ఖాలా," అన్నది. చిన్నప్పుడు వీధిలో ముస్లిం ఇళ్లల్లో పెద్దవాళ్లను అలాగే పిలిచేది. "నిన్న ఇద్దరికీ దేని మీద లొల్లి అయింది?"

"గుట్కా మీదనే. గుర్రం దగ్గర ఉమ్మేస్తడని యాదన్న తిట్టిండు. రోజూ తిడ్తడు. నేను కూడ తిడ్త. మొయిన్ నవ్వుతడు. గది లొల్లి కాదు బేటీ, గది ముచ్చట."

*

మేనేజర్ రాజేశం యాభై దగ్గర మనిషి. జోగిపేట వైపువాడు. తలగుడ్డ తీసి చేతికి చుట్టుకుని, మళ్లీ విప్పుతున్నాడు.

"గుర్రం బండిని డౌన్లో ఎందుకు పెట్టించిన్రు?"

"చదును జాగల పెళ్లిపిల్ల తరఫోళ్ల బస్సు పెట్టిన్రు మేడం. వంద మంది దిగాలె. గుర్రం బండి ఒక్కటే గద, ఎనక పెట్టుకోమన్న."

"వాలు మీద తగిలించుడు కష్టమని యాదన్న చెప్పలేదా?"

"చెప్పిండు. జాగ లేదన్న."

"మూడూ నలభై రెండుకు నువ్వెక్కడున్నవు?"

"స్టేజీ కాడ. పూలు తీపిస్తున్న. అరుపు ఇని ఉరికొచ్చిన."

"స్టేజీ దగ్గర బ్యాండు మోగుతుండె. ఆ మోతల ఒక ముసలాయన అరుపు ఇంత దూరం ఎట్ల ఇనబడ్డది?"

చేతికి చుట్టుకున్న గుడ్డ ఆగిపోయింది. "ఎవరో చెప్పిన్రు మేడం. గాయిగాయి అయింది. యాదికి లేదు."

"గుట్కా తీసిండు అన్నడు కదా యాదన్న. ఏం తీసినట్టు?"

"ఏముంటది మేడం, నోట్లె ఏసుకునేది! జేబులకెల్లి తీసిండు. గుట్కా అంటే ఇంకేముంటది?"

అడిగినదానికంటే ఒక మాట ఎక్కువ చెప్పాడు. ఎందుకు చెప్పాడో అప్పటికి చంద్రికకు అందలేదు.

*

మూడూ ఐదు. తాడు దాటొద్దన్నాడు గానీ వంగొద్దనలేదు. చంద్రిక తాడు కిందనుంచి మెడ చాచి, నేల మీద మోచేతులు ఆనించింది.

ట్రైలరు పటాన్‌చెరు షెడ్డులో వెల్డింగ్ చేయించినది. దానికి సొంత బ్రేకు లేదు. ఇప్పుడు రెండు చక్రాల కిందా బండరాళ్లున్నాయి. యాదన్నను బయటికి తియ్యడానికి జీపును ముందుకు లాగినప్పుడు జనం పెట్టినవి.

ముందరి మూతిని మోసే చిన్న చక్రం మట్టిలో ఒక గీత గీసింది. చంద్రిక జేబులోంచి కొలత టేపు తీసి దూరంనుంచే పరిచింది. నాలుగున్నర అడుగులు. గీత పైనుంచి కిందికి వచ్చింది. కిందనుంచి పైకి ఏ గీతా పోలేదు.

కుడి చక్రం మొదట నిలబడ్డ చోట ఎర్రటి పొడి. ఇటుక. పగిలిన ఇటుక కాదు, పిండి అయిన ఇటుక. బండి బరువూ గుర్రం బరువూ ఒక్కసారిగా ఒక్క ఇటుక మీద పడితేనే అట్లా అవుతుంది.

మరి అంతవరకు ఆ బరువును మోసిందెవరు?

ఎడమ చక్రం నిలబడ్డ చోట ఇటుక పొడి లేదు. మట్టిలో ఒక అచ్చు ఉంది. సగం టైరు తొక్కేసింది. మిగిలిన సగం నెలవంకలా వంగి ఉంది. లోపల నాలుగు మేకు తలలు. పక్కనే తాడు ఈడ్చినట్టు సన్నని చార.

గుర్రపు లాడం! కానీ గుర్రం అక్కడ అడుగు పెట్టడానికి సందేది? చక్రం కింద?

ఆమె అలాగే నేల మీద ఉండిపోయింది. చక్రం కింద పెట్టే చెక్క. జారకుండా యాదన్న దాని అడుగున పాత లాడం కొట్టుకున్నాడు. చెయ్యి పెట్టకుండా లాగడానికి తాడు కట్టుకున్నాడు. లారీవాళ్ల పద్ధతి.

ఆమె తండ్రి బొంబాయి రూట్లో లారీ క్లీనరు. ఘాటులో బండి ఆగితే డ్రైవరు అరిచే అరుపు, తండ్రి కిందికి దూకడం, ఆయన ఇంట్లో ఎన్నిసార్లు చెప్పలేదు? ఆ అరుపేమిటి?

గోడ చాటుకు పోయి ఫోను చేసింది.

"బాపూ, లారీ ఎనక్కి పోకుంట చక్రం కింద ఒక చెక్క పెడ్తుంటివి గద. దాన్నేమంటరు?"

"గుట్కా అంటరు. ఎందుకే?"

చంద్రిక ఫోనును చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"డ్రైవరు గుట్కా ఎయ్ అంటె ఎయ్యాలె, గుట్కా తియ్ అంటె తియ్యాలె. ఆయన చెప్పకముందు తీసినోడు క్లీనరే కాదు. గోలీలు తెస్తున్నవా?"

"తెస్త బాపూ."

ఫోను పెట్టేసింది. ఇది తనకు తెలియని మాట కాదు. తన ఇంటి మాట. క్లీనర్ బిడ్డ అని కాలేజీలో ఎవరికీ చెప్పుకోని ఏళ్లలో, డిగ్రీ పట్టా చేతికొచ్చేలోపు, ఆ మాటకు ఇంట్లో ఉన్న అర్థం జారిపోయి, పేపర్లో ఉన్న అర్థం ఒక్కటే మిగిలింది. పొద్దుటినుంచి ఏడుసార్లు విని కూడా పోల్చుకోలేదు!

"ఖాలా, మీ ఇంట్ల చక్రం కింద పెట్టేదాన్ని ఏమంటరు?"

"రోడా అంటం. రాయి గద. ఎందుకు బేటీ?"

అందుకే వహాబ్ పొరపడ్డాడు. గుట్కా అనగానే కొడుకు జేబే గుర్తొచ్చింది ఆ తండ్రికి. తన చేత్తో ఫోను తీసుకెళ్లి పోలీసులకిచ్చాడు.

*

"సార్, జీపు ఎనక్కి గుద్దితే ట్రైలరు పైకి పోవాలె," అన్నది నరసరాజు ముందు నిలబడి. టికెట్టు ముక్కను పిడికిట్లో నలిపేస్తోంది. "చిన్న చక్రం గీత చూడుండ్రి. అది కిందికొచ్చింది. జీపు కదల్లేదు. ట్రైలరే వచ్చి మనిషిని జీపుకేసి నొక్కింది."

"గుద్దిన అదురుకు ఇటుక పగిలి, తర్వాత జారిందనుకోవచ్చుగా?"

"ఎడమ చక్రం కింద ఇటుక లేదు. లాడం కొట్టిన చెక్క ఉండె. అచ్చు ఉంది. చెక్క లేదు. ఎవరో లాగేసిన్రు."

నరసరాజు లేచాడు. మోకాళ్ల మీద కూర్చుని అచ్చును చూశాడు. చాలాసేపు చూశాడు. అతను తెలివితక్కువవాడు కాదు. ఆ విషయం అప్పుడే చంద్రికకు తెలిసింది, అదే ముప్పు తెచ్చింది కూడా. ఒక ప్రైవేటు మనిషి తనకంటే ముందు చూడడం అతను ఓర్వలేకపోయాడు. లేచి నిలబడి నాలుగు దిక్కులా కళ్లు తిప్పాడు. ముప్పై అడుగుల పైన నీళ్ల ట్యాంకరు. చక్రం కింద గోనెసంచి. సంచిలోంచి తాడు కొస.

"అదేనా మేడం?" గెలిచిన గొంతు. "కానిస్టేబుల్! ఆ తాడు లాగు. కవర్లో వెయ్యి."

కానిస్టేబుల్ మూడు అంగల్లో చేరి తాడు పట్టుకున్నాడు.

చంద్రిక చూపు చక్రం మీదికి పోయింది. ట్యాంకరుకు ముందు ట్రాక్టరు లేదు. నిండా నీళ్లు. కింద గోడ. గోడ నీడలో, తల మోకాళ్ల మీద పెట్టుకుని ఆలంబీ.

"గుట్కా తియ్యకు!"

అరిచింది చంద్రికే, కానీ అది ఆమె గొంతు కాదు. ఎన్నడూ చూడని ఘాటులో ఎవరో లారీ డ్రైవరు వేసిన కేక.

కానిస్టేబుల్ ఆగి వెనక్కి తిరిగాడు. "నేను తినను మేడం! అమ్మతోడు!" అంటూనే చెయ్యి జేబు మీదికి పోయింది. అప్పటికే చెక్క సగం బయటికొచ్చింది. ఇనుము మూలిగింది. చక్రం ఒక అరచెయ్యి మందం కదిలింది.

నరసరాజుకు అర్థం కాలేదు. ఆలంబీ తలెత్తి చూసింది గానీ లేవలేదు. అక్కడున్న ఐదుగురిలో ఆ కేకకు అర్థం తెలిసి కదిలినవాడు ఒక్కడే.

రాజేశం. చెట్టు కిందనుంచి అంతా చూస్తున్నవాడు, మొదట్లోని బండరాయిని ఎత్తుకుని ఉరికాడు. "లేపుండ్రి, ఆమెను లేపుండ్రి!" అని అరుస్తూ రాయిని చక్రం కిందికి తోసి, కాలితో తన్ని, మళ్లీ తోశాడు. ట్యాంకరు రాయి మీదికి ఎక్కబోయి ఆగింది. నీళ్లు లోపల ఒకసారి ఊగి తొణికాయి. చంద్రిక ఆలంబీని రెక్క పట్టి ఇవతలికి ఈడ్చేసింది.

రాజేశం కుడిచేతి రెండు వేళ్లు చితికి నెత్తురు కారుతోంది. అతను చూసుకోలేదు.

"రాజేశం అన్నా," అన్నది చంద్రిక. "గుట్కా అంటే నోట్లె ఏసుకునేదే అన్నవు గద?"

అతను నేల మీద కూలబడ్డాడు.

"నిన్న గూడ గిట్లనే జారింది మేడం. ట్రాక్టరోడు రాయి పెట్టి పోయిండు. రాయి కదిలింది. గా గోడ కాడ నలుగురాడోళ్లు గంగాళాలు తోముతున్నరు. పిలిస్తె ఇనరు, బ్యాండు. నాకు గీ తాడు కనబడ్డది. గుంజిన. తెచ్చి దీని కిందేసిన. ఆడోళ్లు బతికిన్రు. ఇగ ఎనక్కి తిరిగి చూస్తె..."

"యాదన్న నీకు కనబడలేదా?"

"కనబడలే." ఆగాడు. చితికిన వేళ్లను తలగుడ్డలో చుట్టుకున్నాడు. "అబద్ధం మేడం. గుంజేటప్పుడు కనబడలే. గని గుంజినంక అరిసిండు. 'వద్దన్న గద. మొయిన్‌కు చెప్పు' అన్నడు నాతోని. జీపు ముందల్కి తియ్యమని చెప్పమన్నడు. నేను చెప్తె పోరడు రెండడుగులు తీస్తుండె. నేను చెప్పలే. ఇటు ఉరికిన."

ఆలంబీ అతని వైపు చూస్తూ నిలబడింది. తిడుతుందనుకున్నారు. ఆమె కొంగు చించి అతని ముందు పడేసింది. "కట్టుకో," అన్నది. "ఆ నలుగురి పేర్లు చెప్పు. వాళ్లొచ్చి నా కొడుకు కోసం చెప్పాలె."

*

మూడూ నలభై ఐదు. బీరంగూడ నుంచి సంగారెడ్డికి జీపు ఎంత తోలినా నాలుగు లోపల చేరదు. వహాబ్ ఫోను పోలీసుల దగ్గరే ఉంది. మొయిన్ వెంట ఉన్న కానిస్టేబుల్‌కు ఫోను చెయ్యగలిగినవాడు ఒక్కడే.

"సార్," అన్నది చంద్రిక.

నరసరాజు ఫోను తీశాడు. తీసి చేతిలో పెట్టుకున్నాడు. రిపోర్టు మీద అతని సంతకం పొద్దున్నే పడింది. ఆమె అతని వేలినే చూస్తోంది. పదకొండు సెకన్లు పట్టిందో, అంతకంటే ఎక్కువ పట్టిందో.

వేలు కదిలింది.

"ఎక్కడున్నారు? తలుపు దగ్గరా? ఆపు. నేను చెప్తున్నా, ఆపు! వాడి చెవికి ఫోను పెట్టు." ఫోను చంద్రికకు ఇచ్చేశాడు. మొహం అటు తిప్పుకున్నాడు.

"మొయిన్, నేను మీ అమ్మ పంపిన మనిషిని. యాదన్న అన్న గుట్కా నీ జేబులది కాదు. బండిది."

అవతల జనం గోల. తర్వాత చాలా చిన్న గొంతు. "చక్రం కిందదా?"

"అవును."

"నాకు ఆ మెసేజ్ ఇనిపియ్యలే మేడం. గుట్కా లొల్లి అని అడిగిన్రు, అవునన్న." ఊపిరి అందడం లేదు వాడికి. "నా కాలు క్లచ్ మీదనే ఉండె. అద్దంల అన్న చెయ్యి కనబడ్డది. ఇగ దబ్బుమన్నది. నేనే ఎనక్కి వచ్చిన అనుకున్న. నేను ఎనక్కి రాలేదా మేడం?"

"రాలేదు. బండే ముందుకొచ్చింది."

ఫోనులో ఏడుపు వినబడింది. దాని మీదుగా కోర్టు బంట్రోతు గొంతు, మొయిన్ పేరు పెట్టి. ఒకసారి. రెండోసారి. ఆలంబీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మూడోసారి పిలిచేలోపు, "ఒప్పుకోకు, జరిగింది చెప్పు, అంతే చెప్పు," అన్నది చంద్రిక.

"వస్తున్న," అన్నాడు మొయిన్. ఆ మాట ఆమెతో కాదు, లోపలికి. ఏడుస్తున్న గొంతే. కానీ ఫోనులో మొదట వినబడ్డ ఆ చిన్న గొంతు కాదు.

చంద్రిక ఎర్రమట్టి అంటిన ఆ చెక్కను చూసింది. ఇంకా సగం చక్రం కిందే ఉంది. రాయి గట్టిగా నిలిచేదాకా దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు.

జడ్జి ఏం రాశారో, రాజేశానికి ఎంత పడిందో కాగితాల్లో ఉంటుంది. కాగితాల్లో ఉండనిది ఒకటుంది, చదివే మీకు దాన్నే అప్పజెబుతున్నాను. నూరీ కాలికి అరిగిపోయిన లాడాన్ని పారెయ్యబుద్ధికాక చెక్కకు కొట్టుకున్న మనిషి ఒకడుండేవాడు. వాలు మీద బండి ఆపిన ప్రతిసారీ, ముందు అది వేసి తర్వాతే గుర్రం వైపు తిరిగేవాడు. మీరెప్పుడైనా దిగుడులో బండి ఆపి, చక్రం కింద రాయి పెట్టడానికి వంగితే, ఆ ఒక్క క్షణం యాదన్నను యాది చేసుకోండి.